మునగాకా, నల్లబియ్యమా, మాత్రా? రంగు చూసి కొనేవాళ్ల కోసం

వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేసి, కాసేపయ్యాక ఆ గిన్నెలోకి తొంగి చూడండి. నీళ్లు మట్టిరంగుకు తిరిగి ఉంటాయి. ముక్క కనరెక్కకూడదని వేస్తాం, అది సరైన పనే. కానీ తొక్కలోని ఊదారంగు కొంతా, కండలోని వగరు పదార్థాలు కొంతా ఆ నీళ్లలోకి దిగిపోతాయి. ఆ నీళ్లు సింకులోకి పోతాయి. రంగున్న తిండి మంచిదని డబ్బులు పెట్టి కొంటున్నాం సరే, ఆ రంగు చివరికి ఎక్కడికి పోతోంది అన్నది చాలామంది చూడరు.

అమలాపురంలో ఉండే మా తోడికోడలు పోయిన నెల ఫోన్ చేసింది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎవరో వచ్చి మీటింగ్ పెట్టి, కణాలు తుప్పు పట్టకుండా కాపాడతాయంటూ మాత్రల డబ్బా ఒకటి, నేరేడు రసం సీసా ఒకటి, నల్లబియ్యం ప్యాకెట్టు ఒకటి టేబుల్ మీద పెట్టారట. "మూడూ కొంటే ఈ నెల పాలవాడికి ఇవ్వడానికి ఉండదక్కా, ఏది తీసుకోమంటావ్?" అంది. "మీ వీధి చివర మునగచెట్టు ఉందా, కొట్టేశారా?" అనడిగాను. తను నవ్వేసింది. నేను ఇరవయ్యేళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. ఇప్పుడు పాలకొల్లులో పెరడూ, వంటిల్లూ చూసుకుంటున్నాను. ఆ రోజు ఫోన్‌లో సగం చెప్పి వదిలేసింది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

రంగు కాపాడుతుందని ఎందుకంటారు

మన కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఆక్సిజన్ వాడుకుని తిన్నదాన్ని శక్తిగా మారుస్తాయి. పొయ్యి మండుతుంటే ఒకటీ అరా నిప్పురవ్వ ఎగిరినట్టు, ఆ పనిలో కొన్ని తుంటరి అణువులు బయటపడతాయి. జత తప్పిన ఎలక్ట్రాన్‌తో తిరుగుతూ పక్కవాటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కునే ఈ రకాన్ని ఫ్రీ రాడికల్స్ అంటారు. కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఎక్కువ. ఒక కొవ్వు అణువు దెబ్బతింటే అది పక్కదాన్ని, అది ఇంకోదాన్ని పాడుచేస్తూ పోతుంది. చాలా రోజులు మూత సరిగ్గా పెట్టకుండా వదిలేసిన నూనె డబ్బా వాసన మారిపోయేది ఈ గొలుసు వల్లే. కొవ్వుతో ఆగకుండా ప్రొటీన్లకూ, డీఎన్‌ఏకూ దెబ్బ తగలొచ్చు. పొగ, అతి ఎండ, ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ ఈ రవ్వల్ని పెంచుతాయి.

అలాగని ఇవి ఉత్త దుర్మార్గులేం కాదు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి ఇలాంటివాటినే ఆయుధంగా వాడతాయి. మన ఒంట్లో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ లాంటి ఎంజైములూ, గ్లూటాథయోన్ అనే పదార్థమూ రాత్రింబవళ్లు వీటిని అదుపులో పెడుతూనే ఉంటాయి. తిండి ఆ కాపలాకు తోడు మాత్రమే.

మొక్క సంగతి చూడండి. రోహిణి కార్తె ఎండకు మనం గడప దాటం. మునగాకు గొడుగు లేకుండా నిలబడాలి. వాడుకోగలిగినదానికంటే ఎక్కువ వెలుతురు మీద పడితే ఆకులో ఆక్సిజన్ రెచ్చిపోతుంది. దాన్ని చల్లార్చడానికి ఆకు కెరోటినాయిడ్లను దాచుకుంది. వీటి అణువు పొడవాటి గొలుసులా ఉంటుంది, అందులో ఒకటి విడిచి ఒకటి జంట బంధాలు. ఆ అమరిక నీలి వెలుతురును మింగేస్తుంది కాబట్టే మన కంటికి పసుపు, నారింజ రంగులు కనిపిస్తాయి. రెచ్చిన ఆక్సిజన్ దగ్గరున్న శక్తిని పుచ్చుకుని మెల్లగా వేడిగా వదిలేసేదీ ఆ అమరికే. మామిడి చిగురు ఎర్రగా ఉండటంలోనూ కొంత ఇదే సంగతి ఉంది. ఆకు ముదిరేదాకా ఆంథోసయనిన్ అనే ఎరుపు దానికి ఎండ తెర.

మొక్కకు చేసిన పని మన ఒంట్లోనూ అచ్చం అలాగే చేస్తుందని మాత్రం అనుకోకూడదు. గాజు గొట్టంలో ఏ రసం ఎంత ఆక్సీకరణను ఆపుతుందో కొలిచే ఓఆర్‌ఏసీ అనే లెక్క ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ తిండిపదార్థాలకు ఆ అంకెల పట్టిక ఒకటి పెట్టి, 2012లో తీసేసింది. గొట్టంలో వచ్చిన అంకెకూ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, అమ్ముకునేవాళ్లు దాన్ని ప్రచారానికి వాడుకుంటున్నారని తేలింది. డబ్బా మీద ఇప్పటికీ ఆ అంకె అచ్చేసి ఉంటే, నేనైతే ఆ డబ్బా అక్కడే పెట్టేస్తాను. ఆంథోసయనిన్లు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పెద్దపేగులోని బాక్టీరియా వాటిని విరిచి వేరే ముక్కలుగా చేస్తుంది. అవి నేరుగా రాడికల్స్ మీద పడి పోట్లాడటం కంటే, సొంత ఎంజైములు ఇంకాస్త తయారు చేసుకోమని కణానికి కబురు పెడతాయని ఇప్పటి ఆలోచన. కూరలూ పండ్లూ బాగా తినేవాళ్లలో గుండెజబ్బులు తక్కువని చాలా పరిశీలనల్లో కనబడింది. అందులో రంగు వాటా ఎంత, పీచు వాటా ఎంత అని విడదీయడం కష్టం. అందుకే నేను "కాపాడుతుంది" అనను, "కాపాడొచ్చు" అంటాను.

ముందు ఒక్క ప్రశ్న: నూనెలో దిగుతుందా, నీళ్లలో దిగుతుందా

క్యారెట్ తురుము పోపులో వేసి రెండు నిమిషాలు మగ్గనివ్వండి. మూకుడు అంచున నూనె నారింజరంగుకు తిరుగుతుంది. ఆవకాయ జాడీ మీద తేలే ఎర్రనూనె కూడా అంతే, అది మిరప రంగు. ఇవి కెరోటినాయిడ్లు, కొవ్వులో కరిగే రకం. కొవ్వు తోడు లేకపోతే ఇవి పేగు గోడ దాటవు. కొవ్వు అసలు లేని డ్రెస్సింగ్‌తో సలాడ్ పెట్టి చూసిన 2004 నాటి ప్రయోగంలో, తిన్నవాళ్ల రక్తంలోకి కెరోటినాయిడ్లు దాదాపు చేరనే లేదు. డైటింగ్ అంటూ పచ్చి క్యారెట్ ముక్కలు ఉత్తగా నమిలేవాళ్లకు పీచు దక్కుతుంది, రంగు చాలావరకు దక్కదు. నూనె గరిటెలకొద్దీ అక్కర్లేదు, మనిషికో చెంచా చాలు. (భీమవరం రొయ్య ఉడకగానే ఎర్రబడుతుంది చూడండి, అదీ ఈ కుటుంబమే. ఆ రంగును మొదట తయారుచేసింది నీటిలోని నాచు. పచ్చి రొయ్యలో ప్రొటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది, వేడికి వదిలేస్తుంది.)

బీట్‌రూట్ కోసిన చెయ్యి కుళాయి కింద పెడితే రంగు నీళ్లతో కారిపోతుంది. నేరేడు, వంకాయ తొక్క, నల్లబియ్యం, ఎర్ర గోంగూర కాడ, ఇవన్నీ నీళ్ల రంగులు. వీటికి నూనెతో పని లేదు. వీటి శత్రువు మనం పారబోసే నీళ్లు.

ఈ ఒక్కటి గుర్తుంటే కింద చెప్పేవాటిలో సగం మీకే తోచేస్తాయి.

మునగాకా, క్యారెట్టా

క్యారెట్ మన డెల్టా పంట కాదు, బయటినుంచి లారీల్లో దిగుతుంది. మునగ మన కాలవగట్టు చెట్టు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూస్తే, వంద గ్రాముల మునగాకులో బీటా కెరోటిన్ అనే కెరోటినాయిడ్ వంద గ్రాముల క్యారెట్‌ను మించి ఉంటుంది. దానికి తోడు ల్యూటీన్ ఉంది. కంటి వెనక మాక్యులా అనే పసుపు మచ్చలో చేరి నీలి కాంతిని వడగట్టే రంగు అది. క్యారెట్‌లో అది బాగా తక్కువ. పచ్చటి ఆకులో నారింజరంగు ఎక్కడిదని క్లాసులో పిల్లలు అడిగేవారు. క్లోరోఫిల్ పచ్చదనం పైన కప్పేసి ఉంటుంది. ఆకు పండితే ఆ పచ్చదనం విరిగిపోయి లోపలి పసుపు బయటపడుతుంది.

అయితే క్యారెట్‌కు అన్యాయం చేయకూడదు. వంద గ్రాముల క్యారెట్ ఒక్క మనిషి తినేస్తాడు. వంద గ్రాముల మునగాకంటే దూసిన ఆకు దోసిళ్లకొద్దీ కావాలి. పప్పులో మనిషి వాటాకు ఇరవై, ముప్ఫై గ్రాములు పడితే గొప్ప. పైగా ఆకులోని కెరోటిన్ గట్టిగా ఇరుక్కుని ఉంటుంది, బాగా నలిగి ఉడికితేనే విడివడుతుంది. కాబట్టి పచ్చి ఆకు రసం తాగమని చెప్పే వీడియోల కంటే, సన్నగా తరిగి పప్పులో మెత్తగా ఉడికించి పైన పోపు పెట్టే మన పద్ధతే మేలు. పిల్లలు తినకపోతే ఆకును నీడన ఆరబెట్టి, నువ్వులూ ఎండుమిర్చీ కలిపి పొడి కొట్టండి. ఎండలో పెట్టొద్దు. ఎండకు కెరోటిన్ విరిగిపోతుంది, పొడి గడ్డిరంగుకు వచ్చేస్తుంది. ఆ పొడి అన్నంలో నెయ్యి వేసుకుని తినాలి, మజ్జిగన్నంలో నంజుకుంటే కొంత వృథా.

ఆషాఢంలో ఒక్కసారైనా మునగాకు తినాలని మా అత్తగారు పట్టుబట్టేవారు. అదే నెలలో గోరింటాకు కూడా. ఆ గోరింటాకు ఎరుపు లాసోన్ అనే వేరే రంగు, కడుపులోకి కాదు లెండి.

నా తీర్పు మునగాకుకే. ఆకు ముట్టని పిల్లలున్న ఇంట్లో మాత్రం క్యారెట్ కొనండి, ఉడికించి, నూనె తగిలించి.

ఆకుకూర మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం (ఇదో బి విటమిన్) పేరు లాటిన్‌లో ఆకు అనే మాట నుంచే వచ్చింది. దాన్ని మొదట పాలకూరలోంచి తీశారు. అదీ నీళ్లలో దిగేదే. ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేసే అలవాటుంటే రంగుతో పాటు అదీ పోతుంది.

నీళ్లు పారబోయకుండా, నూనె మరవకుండా, ఆకు మెత్తబడేలా వండటమెలాగో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కంద బచ్చలి ఉంది కదా. బచ్చలాకు కందతో పాటు ఒకే గిన్నెలో మగ్గుతుంది, చింతపండు పులుసు అందులోనే ఇంకుతుంది, పైన పోపు, దించాక ఆవ. పులుపు పడటం కంద దురద తగ్గడానికి. రంగు నీళ్లతో పారిపోకపోవడం మనకు కలిసొచ్చిన లాభం.

గోంగూర: ఎర్రదా, తెల్లదా

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఎర్ర గోంగూర ఎరుపంతా కాడలోనూ, ఈనెల్లోనూ ఉంటుంది. కాడ మనం పారేస్తాం. ఆకు మూకుట్లో పడగానే రెండూ ఒకే పాచిరంగుకు తిరుగుతాయి, గోంగూర పులుపు క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియాన్ని తోసేస్తుంది కాబట్టి. పులుపు ఎక్కువ కావాలంటే ఎర్రది, పప్పులోకైతే తెల్లది. రుచిని బట్టి కొనండి.

టమాటా, పుచ్చకాయ, బొప్పాయి, జామ

ఈ నలుగురి ఎరుపూ లైకోపీన్ అనే కెరోటినాయిడ్. వండని పండు టమాటా వంద గ్రాముల్లో ఇది సుమారు మూడు మిల్లీగ్రాములు ఉంటే, బాగా పండిన ఎర్ర పుచ్చకాయలో నాలుగైదు దాకా ఉంటుంది. అంకె చూస్తే పుచ్చకాయ గెలిచినట్టే. కానీ టమాటా నూనెలో మగ్గితే కణాల గోడలు విచ్చుకుంటాయి, లైకోపీన్ అణువు ఆకారం కూడా కొంత మారి ఒంటికి బాగా పడుతుంది. టమాటా పచ్చడి, టమాటా పప్పు తినే ఇంట్లో లైకోపీన్‌కు లోటుండదు. సలాడ్ ముక్కలకు అంత పస లేదు.

జామకాయల్లో లోపల గులాబీ రంగున్నదీ, తెల్లదీ పక్కపక్కన ఒకే ధరకు ఉంటే గులాబీదే తీసుకోండి. లైకోపీన్ అందులోనే ఉంటుంది. తెల్లది మాత్రమే ఉంటే బాధపడక్కర్లేదు, విటమిన్ సి దాన్లోనూ దండిగా ఉంది.

బొప్పాయి దగ్గర నాకో కథ ఉంది. పెరట్లో చెట్టు విరగకాసిన ఏడాది రోజూ పొద్దున గిన్నెడు తిన్నాను. రెండు నెలలకు అరచేతులు పసుపు పూసినట్టు అయ్యాయి. మావారికి ఒకటే టెన్షన్, కామెర్లని. నేను అద్దంలో కళ్లు చూసుకున్నాను. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. కామెర్లలో కళ్లు పచ్చబడతాయి, కెరోటిన్ ఎక్కువైతే అరచేతులూ అరికాళ్లే పచ్చబడతాయి. అయినా ఆయన తృప్తికి రక్తపరీక్ష చేయించాం. ఏమీ లేదు. బొప్పాయి తగ్గించాక చేతులు మామూలయ్యాయి. కణాలకు అదనంగా ఏం మేలు జరిగిందో తెలీదు గానీ, పండులోని రంగు ఒంట్లోకి నిజంగానే చేరుతుందని నాకు కళ్లారా తెలిసింది. బొప్పాయిలో రంగులు చాలా తేలిగ్గా ఒంటికి పడతాయి. పసుపు కండ ఉన్నదాంట్లో లైకోపీన్ దాదాపు ఉండదు, ఎర్ర కండదాంట్లో ఉంటుంది.

నేరేడు పళ్లా, సీసాలో రసమా, డ్రాగన్ ఫ్రూటా

జూన్, జూలైల్లో నేరేడు పళ్లు బుట్టల్లో వస్తాయి. నాలుకను ఊదాగా మార్చేది ఆంథోసయనిన్. తొక్కలోనే అది దండిగా ఉంటుంది, తొక్కతోనే తింటాం కాబట్టి నష్టం లేదు. నాలుగు వారాల పండుగ అది, ఆ నాలుగు వారాలూ తినండి.

సీసా సంగతి వేరు. వడగట్టిన రసంలో పీచు పోతుంది, చక్కెర కలుస్తుంది, నెలల తరబడి నిలవుంటే ఆంథోసయనిన్ మెల్లగా విరిగి ఊదా కాస్తా ఇటుకరంగులోకి దిగుతుంది. మా తోడికోడలు తెచ్చిన శాంపిల్ సీసాతో ఒక పని చేశాం. రెండు గాజు గ్లాసుల్లో కాస్త కాస్త పోసి నీళ్లు కలిపాం. ఒకదాంట్లో నిమ్మరసం పిండాం, ఇంకోదాంట్లో చిటికెడు వంటసోడా వేశాం. అసలైన నేరేడు రంగైతే పులుపుకు ఎర్రగా మెరవాలి, సోడాకు నీలంలోకో, పాచిరంగులోకో జారాలి. రెండు గ్లాసులూ ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉన్నాయి. ఆ ఎరుపు పండుదా, రంగుసీసాదా అన్నది మీరే ఆలోచించుకోండి.

నేరేడు గింజల పొడి తింటే షుగర్ మాత్రలు మానేయొచ్చని చెప్పేవాళ్లుంటారు. మానకండి.

డ్రాగన్ ఫ్రూట్ రెండు రకాలు. లోపల ఎర్రగా ఉన్నదాంట్లో బెటాలయిన్లు ఉంటాయి, బీట్‌రూట్‌లో ఉండే రంగే. లోపల తెల్లగా ఉన్నదానికి రంగంతా తొక్కలో ఉంది, తొక్క చెత్తబుట్టలోకి పోతుంది. అంత డబ్బు పెట్టి రంగు కోసం తెల్లది కొనడం నాకైతే నచ్చదు. బెటాలయిన్లే కావాలంటే బీట్‌రూట్ ఉంది, ఎర్ర తోటకూర ఉంది. చిన్నప్పుడు బచ్చలి పళ్లు నలిపి సిరా చేసుకున్నాం కదా, ఆ సిరా కూడా బెటాలయినే. వింతేమిటంటే ఆంథోసయనిన్లున్న మొక్కలో బెటాలయిన్లుండవు, బెటాలయిన్లున్న మొక్కలో ఆంథోసయనిన్లుండవు. బీట్‌రూట్ తొక్కతోనే ఉడికించి తర్వాత ఒలిస్తే రంగు తక్కువ కారుతుంది. మర్నాడు బాత్‌రూమ్‌లో ఎరుపు కనబడితే కంగారు పడకండి, కొందరికి అలా అవుతుంది.

రావులపాలెం అరటి మార్కెట్ దాకా వెళ్లినప్పుడు ఎర్ర చక్కెరకేళి చూసి మురిసిపోయేవాళ్లకూ ఇదే మాట. తొక్క ఎరుపు ఆంథోసయనిన్, అది ఆవుకు పోతుంది. మనకు దక్కేది లోపలి లేత నారింజ ఛాయ, అందులో కెరోటిన్ కాస్త ఉంటుంది. రుచికి కొనండి, తప్పు లేదు. ఔషధమనుకుని కర్పూర చక్కెరకేళికి రెట్టింపు పెట్టి కొనక్కర్లేదు. సువర్ణరేఖ మామిడి బుగ్గ మీది ఎరుపూ అంతే. మామిడిలో చూడాల్సింది కోశాక లోపలి రంగు. కార్బైడ్ పెట్టి మగ్గేసిన కాయ పైకి పసుపు తిరిగినా లోపల పాలిపోయి పుల్లగా ఉంటుంది. మన దేశంలో కార్బైడ్ వాడకం నిషేధం.

నల్లబియ్యం, ఎర్రబియ్యం, రోజూ తినే బియ్యం

మా తోడికోడలి అసలు బెంగ దీని మీదే. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకం ఈ నేల మీద రాజ్యమేలింది. అలాంటి చోట ఇప్పుడు ప్రకృతి సేద్యం రైతులు కొందరు నల్లవడ్లూ, నవారా లాంటి ఎర్రవడ్లూ వేస్తున్నారు. ధర మామూలు బియ్యానికి రెండు మూడింతలు.

నల్లబియ్యం నలుపు ఆంథోసయనిన్. ఎర్రబియ్యం ఎరుపు అది కాదు, ప్రోఆంథోసయనిడిన్లు అనే వగరు జాతి. రెండూ పై తవుడు పొరలోనే ఉంటాయి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఆ పొర మిల్లులోనే పోయింది కాబట్టి పోలికే లేదు. ఇంతవరకు అమ్మేవాళ్లు చెప్పింది నిజం. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, నల్లబియ్యం కుక్కర్‌లో పెట్టి ఉడికిస్తే ఆ ఆంథోసయనిన్‌లో ఎక్కువ భాగం వేడికి విరిగిపోతుంది. అందులోనూ నాలుగు నీళ్లు కడిగి, నానబెట్టిన నీళ్లు పారబోసి, గంజి వార్చితే ఇక మిగిలేదెంత?

కొనాలనే అనుకుంటే ఒకసారే తేలిగ్గా కడగండి, కొలిచిన నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లతోనే వండండి, వార్చకండి. నా మాట వింటారా, తవుడు పొరలోని పీచు కోసం కొనండి, రంగు కోసం కాదు. పీచే కావాలంటే దంపుడు బియ్యం తక్కువకే దొరుకుతుంది. మన ఇళ్లలో అసలు సమస్య బియ్యం రంగు కాదు, కంచంలో అన్నం కొండంత, కూర గోరంత ఉండటం. రోజుకు 400 గ్రాములకు తగ్గకుండా కూరలూ పండ్లూ తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కసారి మీ ఇంటి కూరలు తూకం వేసి, తినే తలల సంఖ్యతో భాగించి చూడండి. నల్లబియ్యానికి పెట్టే అదనపు డబ్బుతో తోటకూర కట్టలు ఎన్నొస్తాయో లెక్కేసి తోడికోడలికి చెప్పాను. ప్యాకెట్టు వెనక్కి ఇచ్చేసింది.

పసుపు

శుభకార్యంలో ఎర్రనీళ్లు కలిపినప్పుడు పసుపులో సున్నం పడగానే రంగు మారుతుంది కదా. సున్నం తగలగానే పసుపులోని కుర్కుమిన్ అనే రంగు తనలోని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది, అందుకే ఎరుపు. రాడికల్‌ను చల్లబరచడానికి ఇచ్చేదీ అలాంటి హైడ్రోజన్నే. పళ్లెంలో ఇంత అందంగా పనిచేసే కుర్కుమిన్ ఒంట్లోకి మాత్రం సరిగా చేరదు. బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగంలో, మిరియాల్లోని పైపరిన్ తోడిస్తే రక్తంలో కుర్కుమిన్ ఇరవై రెట్ల దాకా పెరిగింది. మిరియాల చారులో పసుపు వేసేవాళ్లకు ఇది సంతోషమే. కానీ పసుపులో కుర్కుమిన్ మూడు శాతం దగ్గర ఉంటుంది. చారులో చిటికెడు పసుపుతో అద్భుతాలు జరగవు. పైపరిన్ కలిపిన గట్టి మోతాదు కుర్కుమిన్ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. కాబట్టి మాత్ర కంటే వంటలో పసుపే నయం. పొడి ప్యాకెట్టు కంటే కొమ్ములు కొని మిల్లు పట్టించుకోవడం ఇంకా నయం, పసుపు పొడిలో సీసం కలిసిన రంగులు కలిపే చోట్లు ఉన్నాయి.

చివరికి ఆ మాత్ర

రంగు మంచిదైతే దాన్నే పిండి గుళికలో పెడితే ఇంకా మంచిది కావాలి కదా. 1980లలో శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకుని, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో లెక్క తీస్తే, అది మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవాళ్లకూ, ఆస్బెస్టాస్ పనివాళ్లకూ బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఏ కూడా ఇచ్చి చూశారు. అక్కడ 28 శాతం పెరుగుదల కనిపించి, 1996లో గడువుకు ముందే ఆపేశారు. పొగతాగని వాళ్లే ఎక్కువగా ఉన్న 22,071 మంది డాక్టర్లకు పన్నెండేళ్లు ఇచ్చిన ఇంకో ప్రయోగంలో మేలూ లేదు, కీడూ లేదు. పొగకూ ఆక్సిజన్‌కూ మధ్య చిక్కిన బీటా కెరోటిన్ మోతాదు మించితే తానే విరిగి, కాపాడాల్సిన కణానికే ఎదురు తిరుగుతుందని ఒక వివరణ.

గోదారి లంకల పొగాకు చుట్టలు కాల్చే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. మా మామగారు చివరిదాకా కాల్చారు. అలాంటివాళ్లకు "కణాల రక్షణ" అంటూ బీటా కెరోటిన్ మాత్రలు కొనివ్వడం ప్రేమతో చేసే పొరపాటు. క్యాన్సర్, గుండెజబ్బు రాకుండా ఉండటానికి బీటా కెరోటిన్, విటమిన్ ఈ మాత్రలు వాడొద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో తేల్చి చెప్పింది. క్యారెట్ తిన్నా, మునగాకు తిన్నా ఈ ముప్పు లేదు. అంత మోతాదు కూరలో ఒక్కసారిగా ఒంటికి ఎక్కదు.

మాత్రకు చోటున్న సందర్భం ఒకటుంది. వయసు మీద పడి మాక్యులా దెబ్బతింటున్న వాళ్లలో, జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకు ల్యూటీన్ 10 మిల్లీగ్రాములు, దాని తోటి పసుపు రంగైన జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు ఉన్న మాత్రలు డాక్టర్లు రాస్తారు. 2013లో వెలువడిన పెద్ద ప్రయోగం దానికి ఆధారం. అది కంటి డాక్టరు చూసి రాయాలి, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కొనేది కాదు.

కొందరు మాత్రం నా మాట కంటే డాక్టరు మాట ముందు వినాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించనూ కూడదు. వాటిలోని విటమిన్ కె మందు లెక్క తప్పిస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లోని ఆక్సలేట్ ఇబ్బంది. రక్తం తక్కువున్న ఆడవాళ్లు భోజనంతో పాటు టీ తాగొద్దు, అందులోని వగరు పదార్థాలు ఐరన్‌ను పట్టి ఉంచేస్తాయి.

కొనేముందు దూది

శివరాత్రి ముందు చిలగడదుంపలు వస్తాయి. ఎర్రతొక్క, తెల్లతొక్క పక్కపక్కన పోసి ఉంటాయి. ఎర్రతొక్కలో ఆంథోసయనిన్, లోపల తెల్లగానే ఉంటుంది. లోపల నారింజరంగున్న రకం దొరికితే అది కెరోటిన్ గని, వదలకండి. అయితే మరీ మెరిసిపోయే గులాబీ ఎరుపు చూస్తే నాకు అనుమానం. పోయిన ఏడు అలాంటివే కనబడితే, అమ్మే ఆవిడను అడిగాను. "ఆయ్, లంక దుంపలండీ, కడిగి తెచ్చాం, అందుకే ఆ మెరుపు" అంది. సంచిలోంచి దూది తీసి కాస్త నీళ్లు తడిపి దుంపకు రుద్దాను. ఆవిడకు కోపమొచ్చింది గానీ దూది గులాబీ రంగైంది. రోడమిన్ బి అనే బట్టల రంగు అలా తేలుతుంది. ఆహార భద్రత సంస్థ చెప్పే పరీక్షే ఇది, నూనె తడిపిన దూదితోనూ చేయొచ్చు. బెండకాయల్లాంటి పచ్చటి కూరల మీద మలకైట్ గ్రీన్ అనే రంగు పూశారేమోనని అనుమానముంటే లిక్విడ్ పారఫిన్ తడిపిన దూదితో రుద్ది చూడమంటారు. దూది తెల్లగా ఉంటే ఆ దుంపలు మట్టి పోయేలా కడిగి, తొక్కతోనే ఉడకేయండి.